మూడు చుట్ల వస

మా చిన్నప్పుడు... ఇంట్లో పసిబిడ్డ ఉంటే పొద్దున్నే సానరాయి మీద గరగర వినబడేది. రెంటచింతల ఎండ గడప తొక్కకముందే నాయనమ్మ రాయి మీద నాలుగు చుక్కలు అమ్మ పాలు వేసి, ఎండిన వసకొమ్ము అరగదీసేది. సరిగ్గా మూడు చుట్లు. ఆ గంధాన్ని వేలి కొసతో తమ్ముడి నాలుకకు రాసేది. వస పోస్తే మాటలు త్వరగా వస్తాయనీ, కడుపుబ్బరం ఉండదనీ నమ్మకం.

నేను ఆపకుండా వాగుతుంటే నాన్న అనేవాడు... "అమ్మా, దీనికి కొమ్ము మొత్తం అరగదీసి పోశావా ఏంది?"

ఆ రాయి నాయనమ్మ కాపురానికొచ్చినప్పటిది. అరిగి అరిగి నడుమ పల్లంపడి, అద్దంలా నున్నగా ఉండేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు కడుగుతుంటే చేజారి రెండు ముక్కలైంది. తిడతారనుకున్నా... నాన్న మాత్రం రాళ్ళు చెక్కే దుర్గి వెళ్ళి కొత్తది చెక్కించుకొచ్చాడు.

మర్నాడు "నేను తీస్తా నాయనమ్మా" అని బతిమాలి, కొత్తరాయి మీద నేనే అరగదీశాను. మూడే చుట్లు. నాయనమ్మకు చూపు మందం. వేలికి అంటినంతా తమ్ముడి నాలుకకు రాసేసింది.

గంట తిరక్కముందే వాడు కక్కడం మొదలుపెట్టాడు. ఆగలేదు... మధ్యాహ్నానికి మెడ వాల్చేశాడు.

"ఎన్ని తిప్పావే?" అమ్మ నా రెక్క పట్టుకుని ఊపేసింది.

"మూడేనమ్మా..."

"అబద్ధాలాడితే చంపుతా! వాడు తొందరగా మాట్లాడాలని ఎక్కువ తిప్పావు గదూ?"

మాచర్ల బస్సులో నాన్న కూడా నా వంక చూడలేదు. ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. ఇంత పసివాడికి ఇట్లాంటివి నోట్లో పెట్టొద్దని డాక్టరుగారు కసిరారు. సాయంత్రానికి తమ్ముడు గట్టిగా ఏడ్చాడు... ఆ ఏడుపు విన్నాకే అమ్మ కూర్చుంది.

మర్నాడు ఇంటికొచ్చేసరికి నాయనమ్మ వసారాలో కూర్చుని ఉంది. ఒళ్ళో కొత్త రాయి. నా వేలు పట్టుకుని దాని మీద రుద్దించింది. ఉలి గాట్లు గరుగ్గా తగిలాయి.

"పిల్లనేం అనమాక అమ్మాయ్," అంది అమ్మతో. "అది మూడే తిప్పింది. పాత దాని మీద పది తిప్పినా ఇంత గంధం రాదు. నేను చుట్లు లెక్కబెట్టాగానీ రాయిని చూళ్ళేదు. తప్పు నాది."

మా ఇంట్లో మళ్ళీ ఎవరికీ వస పోయలేదు.

ఇప్పటికీ తేల్చుకోలేను... పాత రాయి మీది మూడు చుట్లు నిజంగా మేలు చేసేవా? లేక కీడు చేయనంత కొంచెంగా ఉండేవా? తమ్ముడు ఏడాదిన్నరకే మాట్లాడాడు. అదెందువల్లో కూడా తెలియదు.

మొన్న వాడికి పాప పుట్టింది. మరదలు ఫోన్ చేసి, "వదినా, మా అమ్మ వస పోద్దామంటంది. మీ ఇంట్లో ఎన్ని చుట్లు?" అని అడిగింది.

'మూడు' అన్న మాట నోటి దాకా వచ్చింది...

"పోయొద్దమ్మా," అన్నాను. "పిల్లల డాక్టరుని అడక్కుండా ఏదీ నాలుకకి రాయమాకండి."

ఆ దుర్గి రాయి ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆ రోజు తర్వాత దాని మీద ఎవరూ ఏమీ అరగదీయలేదు... ఉలి గాట్లు ఇంకా గరుగ్గానే ఉన్నాయి.

మీ ఇళ్ళల్లో ఎవరు వస పోసేవాళ్ళు? చుట్లు గుర్తుండే ఉంటాయి... ఆ రాయి గుర్తుందా?