ఇల్లున్నోడికే ఓటు

మా ఊరి నుంచి బహ్రెయిన్ వచ్చినవాళ్లం పద్నాలుగు మందిమి. శుక్రవారం డ్యూటీ ఉండదు కాబట్టి నువైద్రాత్‌లోని మా గదిలో కలుస్తాం. పోయిన ఎండాకాలం ఊరి అభివృద్ధి కమిటీ నుంచి ఫోన్ వచ్చింది. ఇంటింటికీ నల్లా వేయడానికి ఊరి పేరున అప్పు తీసుకోవాలా, వద్దా? గల్ఫ్‌కు పోయినవాళ్లు కూడా ఓటు వేయాలట.

నాకు అప్పు ఇష్టం లేదు. పైగా పదో తరగతి పాసైనవాణ్ణన్న గర్వం ఒకటి. లేచి నిలబడ్డాను.

"ఊర్లె ఇల్లో జాగో ఉన్నోడికే ఓటుండాలె. ఏం లేనోడు చెయ్యెత్తి పోతడు, అప్పు మన నెత్తిన పడ్తది."

మూలన కూర్చున్న పెయింటర్ తలెత్తాడు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. సంపాదనంతా తండ్రి వైద్యానికే పోయింది. ఆయన కుటుంబం ఊళ్లో ఇప్పటికీ కిరాయి ఇంట్లోనే ఉంది.

"తమ్మీ, నల్లా నీళ్లు మా ఇంటోళ్లు తాగరా? చందా అడిగినప్పుడు జాగ కాయిదం అడిగిండ్రా ఎప్పుడన్న?"

"రూలంటే రూలే అన్నా," అన్నాను. ఆ రూలు పుట్టి అప్పటికి రెండు నిమిషాలు కూడా కాలేదు.

మిగతా అందరూ ఒప్పుకున్నారు. కమిటీకి కూడా నచ్చింది. ఇంటిపన్ను రసీదో, భూమి పాసుబుక్కో ఫోటో తీసి పంపమన్నారు. నా భార్యకు ఫోన్ చేశాను.

"రసీదు నా పేరు మీదున్నది గదా," అంది. "ఇల్లు కొన్ననాడు నువ్వే రాయించినవ్. యాదికి లేదా?"

నిజమే. సంతకానికి సెలవు దొరక్క నేనే ఆమె పేరున రాయించాను. పొలం అమ్మ పేరున ఉంది. నా పేరున ఉన్నవి ఒక పాస్‌పోర్టు, ఒక సిమ్ కార్డు.

"సరే, నా బదులు నువ్వే వెయ్యి. వద్దని వెయ్యి," అన్నాను.

"నేనెందుకు వద్దంట? బోరింగు కాడికెళ్లి బిందెలు మోసేది నువ్వా, నేనా?"

ఆమె అప్పు కావాలనే ఓటేసింది. అమ్మ కూడా. అప్పు ఖాయమైంది.

తర్వాతి శుక్రవారం, ఆ రూలు ఎత్తేద్దామని నేనే అడిగాను.

"నీకు ఓటు లేదు గద, కూసో," అని ఒకడు అంటే గదంతా నవ్వింది. పెయింటర్ మాత్రం నవ్వలేదు.

"అప్పుడు తప్పు మాట్లాడిండు గని, ఇప్పుడు సక్కగనే అడుగుతుండు. ఊరి మనిషైతే సాలదా?" అన్నాడు.

ఒక్కొక్కరే చేతులెత్తారు. నేనూ అలవాటుకొద్దీ ఎత్తి, గుర్తొచ్చి దించబోయాను. పెయింటర్ నా మణికట్టు పట్టుకుని, లెక్క పూర్తయ్యేదాకా ఆ చేతిని పైనే ఉంచాడు. ఆయన ముఖం చూడడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు.