ముసుగు వీరుడి మరదలు

రాయచోటి గ్రంథాలయంలో ఇంగ్లీషు బీరువా తాళం నాకోసమే తీసేవారు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. ఆ పుస్తకాల జోలికి వెళ్ళేవాళ్ళం ఇద్దరమే: నేనూ, చెదలూ. ఐదో తరగతితో బడి ఆగిపోయినా, నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు పది మాటలు నేర్చుకున్నాను. వాటిని ఎలా పలకాలో నిఘంటువు చెప్పలేదు కనుక, ఆ విషయంలో నాకు పూర్తి స్వేచ్ఛ ఉండేది.

ఆ రోజుల్లోనే మా మేనమామ తన కూతురికి రాజంపేట సంబంధం చూశాడు. పిల్లవాడు మెట్రిక్ ప్యాసయ్యాడట. ఆ అమ్మాయిని నాకే ఇస్తారని చిన్నప్పటినుంచి ఇంట్లో అనుకుంటున్న మాట. నాకు మెట్రిక్ లేదు, గ్రంథాలయం ఉంది. నా ఇంగ్లీషును మామ చెవిన వేయాలని నిశ్చయించుకున్నాను.

అందుకు దొరికినది ఒక బొమ్మల పుస్తకాల కట్ట. కడపలో రైల్వే ఉద్యోగం చేసి వెళ్ళిపోయిన ఒక దొర వదిలేసినది. అందులో ఒక వీరుడు పగలు తపాలా కచేరీలో గుమాస్తా. ఆపద వస్తే ముసుగు వేసుకుని మేడల మీదినుంచి ఎగురుతాడు. జడ్జిగారి కూతురు ఆ ముసుగును ప్రేమించి, గుమాస్తాను చూస్తే ముక్కు చిట్లిస్తుంది. ఆసుపత్రి నర్సు గుమాస్తా చేతికి కట్టు కడుతూ, ముసుగువాడి ఊసే ఎత్తదు.

రోజూ సాయంత్రం మామ ఇంటి అరుగు మీద కథ చెప్పేవాణ్ణి. ఆ అరుగు మీదే కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీ సాయిబు మిషన్ ఆపి వినేవాడు. మామ జడ్జి కూతురి పక్షం.

"కారు ఉండాది, నాయన జడ్జి. ఇంకేం కావాల?"

"కారు ఏం చేసుకుంటాడప్పా ఎగిరేటోడు?" అన్నాడు దర్జీ. "చేతికి కట్టు కట్టింది ఎవురు?"

నేను చదివినవాణ్ణి కనుక అష్టవిధ నాయికల శాస్త్రంతో పోల్చాను. జడ్జి కూతురు అలంకరించుకుని ఎదురుచూసే వాసకసజ్జిక అనీ, నర్సు ఎడబాటుతో కుమిలే విరహోత్కంఠిత అనీ చెప్పాను.

"నర్సుకే వచ్చిందా ఆ రోగం?" అన్నాడు దర్జీ.

మూడో పుస్తకంలో ఒక కొత్త పిల్ల ఎగురుతూ దిగింది. వీరుడు ఆమెను అందరికీ 'నా కజిన్' అని చూపించాడు. నిఘంటువులో ఆ మాటకు ఆరు అర్థాలున్నాయి. మొదటిది మేనమామ కూతురు. నేను అక్కడే ఆగిపోయాను.

"మరదలు వచ్చింది మామా!" అన్నాను. "వరసైన పిల్ల ఉండగా బయటి సంబంధాలు ఎందుకు? దొరలకు కూడా తెలిసిన న్యాయమే ఇది."

మామ గొంతు సవరించుకున్నాడు. నా బాణం యాడికి పోవాలో ఆడికి పోయిందని మురిసిపోయాను. ఇంతలో తలుపు చాటునుంచి మామ కూతురి గొంతు వినిపించింది.

"అమ్మ తమ్ముని కూతురా, నాయన తమ్ముని కూతురా?"

"ఇంగ్లీషులో అట్లా అడగరు," అన్నాను. "నిఘంటువులో ఆరు అర్థాలున్నాయి, మొదటిదే మరదలు."

రాజంపేట అబ్బాయి పెళ్ళిచూపులకు రానే వచ్చాడు. ఫలహారం కాగానే మామ ఆ పుస్తకం అతని చేతిలో పెట్టాడు. అతను రెండు పేజీలు తిప్పి, మర్యాదగా నవ్వాడు.

"మరదలు కాదండీ. ఈ వీరుడి చిన్నాయన కూతురు. ఇక్కడ రాసి ఉంది."

నాలుగు రోజులుగా అన్నాచెల్లెళ్ళకు పెళ్ళి చేస్తున్నానన్నమాట. మామ నావైపు చూసిన చూపుకు అరుగు కిందికి దిగి నిలబడ్డాను.

"చిన్నాయన కూతురైతే ఏమప్పా?" అన్నాడు దర్జీ, దారం కొరుకుతూ. "మాలో చేసుకుంటారు. మీకే శానా రచ్చ."

మామ రాజంపేట అబ్బాయి వైపు తిరిగాడు. "అయితే అబ్బీ, నా కూతురు వీనికి ఏమైతాది ఇంగ్లీషులో?"

"కజిన్ సిస్టర్ అండీ."

"నీ మేనత్త కూతురు నీకు?"

"కజిన్ సిస్టరే."

"సిస్టర్ అంటే?"

"చెల్లెలండీ."

మామ లేచి పంచె బిగించాడు. "మరదల్ని చెల్లెలు అనేటోడు రేపు పెండ్లాన్ని ఏమంటాడో!"

జాతకాలు కుదరలేదని రాజంపేటకు కబురు వెళ్ళింది. నన్ను మాత్రం మామ మెచ్చుకోలేదు.

"నీ ఇంగ్లీషు తప్పేరా. వరస తెలిసిన తప్పు గాబట్టి ఊరుకుంటాండా. ఇంక పాప ఇష్టం."

మర్నాడు పుస్తకాల కట్ట తీసుకుపోవడానికి వెళ్ళాను. మళ్ళీ తలుపు చాటునుంచే ప్రశ్న వచ్చింది.

"ఆ ఇద్దరిలో ఎవురిని చేసుకున్యాడు?"

"నర్సును," అన్నాను ఠపీమని.

"పుస్తకంలో ఉండాదా, నువ్వు చెప్తాండావా?"

నాకు తెలిసిన ఇంగ్లీషంతా, అష్టవిధ నాయికలతో సహా, ఆ గడప దగ్గర అక్కరకు రాలేదు.

"కడపటి పేజీలు లేవు," అన్నాను. "చినిగిపోయినాయి. నాకు తెలీదు."

తలుపు ఓరగా తెరుచుకుంది.

"ఈ మాట ఒగటి సరిగ్గా చదివినావు," అంది. "నాయనకు సరే అని చెప్తాలే. ఆ నిఘంటువు మాత్రం తెచ్చుకో. మిగిలిన ఐదు అర్థాలు నా ముందరే చదవాల."