నాలుగు లైట్లు కొట్టుకున్నాయా

మా తమ్ముడి బండిని పోలీస్ స్టేషన్ నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చి, తార్నాకలో మా ఫ్లాట్ కింద పార్కింగులో దింపారు. వాడు పోయాక బండి ఇంటికి రావడం అదే మొదటిసారి. హ్యాండిల్ వంకరపోయింది, వెనక మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయింది. ఎల్‌ఈడీ ఇండికేటర్లు మాత్రం పెద్దగా చెడలేదు. వెనక కుడివైపుది ఊడి వైరుకు వేలాడుతోంది, అంతే.

ఆ లైట్లు మా మరదలు పట్టుబట్టి పెట్టించినవి. పాత బల్బులు గుడ్డిదీపాల్లా ఉన్నాయనీ, ఈ ట్రాఫిక్‌లో వెనకవాళ్ళకు బాగా కనపడాలనీ మొగుణ్ణి పోరి పోరి కోఠికి తీసుకుపోయి కొనిపించింది. రోడ్డుపక్క మెకానిక్ బిగించాడు. వెలుగుతున్నాయి కదా అని ఇద్దరూ సంబరంగా ఇంటికొచ్చారు.

తమ్ముడు యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసేవాడు. నేను అదే క్యాంపస్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు టెక్నీషియన్ని. ఒక పొద్దున వాడు క్యాంపస్ గేటు వైపు కుడికి తిరుగుతుంటే, వెనక నుంచి దాటబోయిన కారు గుద్దింది. ఆ డ్రైవరు పారిపోలేదు. ఆస్పత్రికి తానే తెచ్చి, వరండాలో నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాలుగు లైట్లు కొట్టుకున్నయి మేడమ్. సీదా పోతున్నడనుకున్న. కసం తోటి చెప్తున్న."

మా ఊళ్ళో అదొక అలవాటు. చౌరస్తాలో నేరుగా పోయేవాళ్ళు నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోతారు. ఏ రూలులో ఉందో ఎవరికీ తెలీదు గానీ, అందరికీ అర్థమవుతుంది. కానీ మా తమ్ముడి బండికి నాలుగూ ఒకేసారి వేసే స్విచ్చే లేదు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత పచ్చి అబద్ధమా అని ఆస్పత్రిలోనే నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంట్లో అమ్మ సరేసరి, అన్నం ముందు కూర్చున్నా "వాని నోట్ల మన్నువడ" అనే మొదలుపెట్టేది. సోమవారం మరదలు స్టేషన్‌కు వెళ్ళి, డ్రైవర్ చెప్పింది అబద్ధమని వాంగ్మూలం ఇవ్వాలి. ఆలోపు వాడి అబద్ధాన్ని బండి మీదే తేల్చేద్దామని ఆదివారం ల్యాబు నుంచి ఒక చార్జ్ చేసిన బ్యాటరీ తెచ్చుకున్నాను.

ముందు స్విచ్ చూశాను. అది కుడివైపుకే నొక్కి ఉంది. తమ్ముడు వేశాడు! ఇండికేటర్ వెయ్యకుండానే తిప్పి ఉంటాడని కాలనీలో గుసగుసలాడినవాళ్ళందరినీ పిలిచి చూపించాలనిపించింది. కిందినుంచే అరిచాను.

"ఓ పిల్లా! స్విచ్ కుడిదిక్కే ఉన్నది!"

మరదలు బాల్కనీలోకి వచ్చింది. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, తెల్లచీర ఇంకా మార్చలేదు.

"నేను చెప్పలేదా వదినా! ఆయన ఎయ్యకుండ తిప్పడు," అని ఏడ్చేసింది. "ముఖం కడుక్కొని వస్తున్న, ఉండు."

బ్యాటరీ కలిపి తాళం తిప్పాను. కుడివైపు రెండూ వెలిగాయి. ఎడమవైపు రెండూ వెలిగాయి. నాలుగూ కలిసి టకటకా కొట్టుకుంటున్నాయి.

గుద్దినప్పుడు ఎక్కడో వైర్లు ఒరుసుకుని ఉంటాయిలే అనుకున్నాను. అలాగే కావాలని దేవుడికి మొక్కుకుంటూ సీటు ఊడదీసి వైర్లన్నీ వేళ్ళతో తడిమాను. టేపు చెక్కుచెదరలేదు, ఎక్కడా కాలలేదు. మిగిలింది మీటర్. అందులో ఇండికేటర్ వేసినట్టు చూపే బల్బు రెండు వైపులకూ కలిపి ఒకటే. దాన్ని పీకేశాను. కుడివైపు లైట్లు మాత్రమే కొట్టుకున్నాయి. మళ్ళీ పెట్టాను. నాలుగూ.

ఆ చిన్న బల్బులోంచి కొంచెం కరెంటు అవతలి వైపుకు పోతుంది. పాత బల్బులు అంత కొంచానికి వెలగవు. ఎల్‌ఈడీలు వెలుగుతాయి. దారిలో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు రెండు పెట్టి ఉంటే సరిపోయేది, మెకానిక్ పెట్టలేదు. బండి నడిపేవాడికి మీటర్లో ఒక్క బల్బే కనపడుతుంది. బిగించిన రోజు నుంచీ తమ్ముడు ఎటు తిరిగినా, వెనకవాళ్ళకు మాత్రం నేరుగా పోతున్నట్టే చెప్పాడన్నమాట. నేను చేతికందిన స్పానర్ తీసి గోడకేసి కొట్టాను. ఎవరిని తిట్టాలో తెలియలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడి బ్యాటరీ వైరు లాగేశాను. మరదలు వచ్చింది.

"లైట్లు ఎలిగినయా వదినా?"

"ఎలిగినయి."

"ఎన్ని?"

రెండు అంటే నమ్మేది. మీటర్ బల్బు తీసి జేబులో వేసుకుంటే, రెండే వెలగడం కళ్ళారా చూపించొచ్చు కూడా. ఆమె నా ముఖమే చూస్తోంది.

"నాలుగు," అన్నాను.

ఆమె ఏడవలేదు. వంగి, వేలాడుతున్న లైటును చేతిలోకి తీసుకుని దుమ్ము తుడిచింది.

"మంచిగ కనపడాలనే తెచ్చిన వదినా."

"నీ తప్పేం లేదే. వైర్లు తప్పు కలిపిండ్రు. విను నా మాట," అని భుజం పట్టుకుని ఊపాను. నా గొంతు నాకే కోపంగా వినపడింది. ఆమె వినలేదు.

"రేపు స్టేషన్ల ఆ డ్రైవరు చెప్పింది నిజమే అని చెప్త," అంది. "నువ్వు పైకి పోయి అత్తమ్మకు చెప్పు, ఇగ ఆయన్ని తిట్టద్దని. తిట్టేదుంటె నన్ను తిట్టుమను."