బిళ్ళ తీసి నిలబడ్డ పైడయ్యన్న

పక్కింటి పైడయ్యన్న కాలధర్మం చెందారని పోయిన గురువారం పొద్దున్న ఆయన కోడలు గోడ అవతలి నుంచి చెప్పింది. నా పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. దించాలని కూడా తోచలేదు. మెతుకు పారేయడం ఎరగని నా చేతిలో ఆ పూట కుండెడన్నం మాడిపోయింది.

ఆయన కచేరీలో బిళ్ళ బంట్రోతు. భుజం మీదుగా ఎర్ర పట్టా, దాని మీద ఇత్తడి బిళ్ళ. రోజూ చింతపండుతో తోమేవారు. పని దిగగానే దాన్ని సంచిలో పెట్టేసి, ఉత్త చొక్కాతో సైకిలెక్కేవారు. బిళ్ళతో మా ఊరి సాక్చి బజారులో అడుగు పెట్టగా నేనెన్నడూ చూడలేదు. చాదస్తమని ఎన్నోసార్లు ఎత్తిపొడిచాను.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు. హిందీ దేశానికి వలసొచ్చి మేం కాపురమున్న సిద్ధగోరాలో, మా ఇంటి వెనక పెంకుల వంటపాక ఉంది. మా ఆయన పోయాక కార్ఖానా పనివాళ్ళకు అందులోనే వండి, కారేజీలు కట్టి, పిల్లల్ని సాకాను. ఒకనాడు జీపులో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పాక సర్కారు జాగాలో ఉందట, రేపటికల్లా కూలగొడతారట. వాళ్ళు కూలిస్తే పెంకులు ముక్కలవుతాయి కదా అని, నిచ్చెన వేసుకుని నా చేతులతో నేనే ఒక్కొక్కటీ దించి పేర్చుకున్నాను. సగం కప్పు దిగేసరికి పైడయ్యన్న వచ్చారు.

"ఎవులు తియ్యమన్నారు సెల్లీ?"

"జీపులో దొరొచ్చాడన్నా."

"కాయితం సూపించాడా?"

"కాయితమెందుకు? జీపుంది, ఖాకీ బట్టలున్నాయి."

"జీపు ఆడికి తిరగడానికిచ్చారు. నీ పాక పీకడానికి కాదు."

చీకటి పడేలోగా పెంకులన్నీ ఆయనే తిరిగి కప్పేశారు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గునపాలతో మనుషుల్ని తెచ్చాడు. బిళ్ళ పెట్టుకుని నిలబడమని అన్నను బతిమాలాను. ఆయన ముఖం గంభీరమైంది.

"కచేరీ పనికిచ్చిన బిళ్ళ అది. నీ పాక కోసం ఎట్టుకుంటే ఆడికీ నాకూ తేడా ఏటి?"

లుంగీతోనే వెళ్ళి, హుకుం చూపించమని హిందీలో నెమ్మదిగా అడిగారు. నువ్వెవడివని అతడు గద్దించాడు. పక్కింటివాణ్ణన్నారు. హుకుం లేకపోతే, 'నేనే కూలగొడుతున్నాను' అని పేరు రాసి సంతకం చేసిమ్మని తెల్లకాగితం చాపారు. అతడు దాన్ని ముట్టుకోలేదు. జీపెక్కి పోయినవాడు మళ్ళీ రాలేదు. ఆ జాగా అతని బావమరిది దుకాణానికి కావలసివచ్చిందని తరవాత తెలిసింది.

ఈ ధర్మనిష్ఠ వెనక ఎంత పశ్చాత్తాపముందో ఆ సాయంత్రం గాని నాకు తెలియలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక గుమాస్తా మాట పట్టుకుని గోవింద్‌పూర్‌లో ఒక ముసలమ్మ చేత ఇల్లు ఖాళీ చేయించారట. హుకుం లేనే లేదు.

"తిట్టలేదే సెల్లీ. బిళ్ళ సూసి దణ్ణమెట్టింది. తనే తాళమేసి, సెవి నా సేతిలో ఎట్టింది."

నిజం తెలిసి తాళంచెవి పట్టుకుని పరుగెత్తేసరికి ఆవిడ ఎటు పోయిందో చెప్పేవారు లేరు.

మొన్న కోడలు ఆయన పెట్టె తీసింది. బిళ్ళ లేదు, రిటైరైన నాడే అప్పగించేశారు. తుప్పుపట్టిన తాళంచెవి ఒకటుంది. ఏ ఇంటిదత్తా అని నన్నడిగింది. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టెలోనే పెట్టాను.

నిన్న ఎవరో ఒక కాగితం తెచ్చి, సంతకం పెట్టమన్నారు. మూడో తరగతి తెలుగు తప్ప నాకు మరో అక్షరం రాదు; ఏ కాగితమైనా అన్నే చదివి చెప్పి, ఆ తరవాతే సంతకం పెట్టమనేవారు. చదివించుకొస్తాను కూర్చోమని అతనికి పీట వేసి, అలవాటు కొద్దీ పైడయ్యన్న గుమ్మం దాకా వెళ్ళిపోయాను. నులకమంచం గోడకు నిలబెట్టి ఉంది.

తిరిగొచ్చి, చదవకుండా సంతకం పెట్టనని చెప్పి, కాగితం ఉంచుకుని అతణ్ణి పంపేశాను. నీ మాట దాటలేదన్నా. నువ్వు కప్పిన పెంకుల కిందే ఈ పూట కూడా పొయ్యి వెలిగించాను. కాగితం మాత్రం గూట్లోనే ఉంది, చదివేవారు లేక.