మా నాయిన కాలి కోసం వేయించిన బ్రేకులు

మొన్న రాయచూరు పక్క యరమరస్ రోడ్డు మీద స్కూటరు పంక్చరై, అతుకు వేసేదాకా షెడ్డు ముందు కూర్చుంటే, పక్కనే జాకీ మీద నిలబెట్టిన పాత అంబాసిడర్‌కు ముందు చక్రాల డ్రమ్ములు పీకి డిస్కు బ్రేకులు బిగిస్తున్నారు. అది చూసిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు.

కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో కరెంటు ప్లాంటు కొత్తగా నడుస్తున్న రోజులవి. మా నాయిన తన అంబాసిడర్‌ను టాక్సీగా తిప్పుతూ, రాయచూరు స్టేషన్లో దిగిన ఇంజనీర్లను శక్తినగర్‌కు చేరవేసేవాడు. నేను ఆ ప్లాంటులోనే ఫిట్టర్ని. మూడు పాళ్లు పని, ఏడు పాళ్లు గర్వం. డ్రమ్ము బ్రేకులు తడిస్తే పట్టవు కనుక, వానాకాలం నీళ్లు దాటగానే నాయిన పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి ఓ ఫర్లాంగు నడిపి వాటిని ఆరబెట్టుకునేవాడు. అరవై దగ్గరపడేసరికి ఆయన కుడి మోకాలు వాచి, ఇంటి మెట్టు ఎక్కడానికే గోడ పట్టుకోవలసి వచ్చింది. కారు మానేయమంటే వినే రకం కాదు, స్టీరింగు పట్టుకుంటే తప్ప ఆ మనిషికి పొద్దు గడవదు. తడిసినా పట్టే డిస్కులు వేయిస్తే కాలికి సుఖం, ఇంకో పదేళ్లు నడుపుకుంటాడని నాకు నేనే తీర్మానించేసుకున్నాను.

హైదరాబాదు పాత సామాన్ల బజారంతా తిరిగి, కొత్త మోడలు కారు డిస్కులు సంపాదించాను. మా గల్లీ మిస్త్రీ వాటిని తిప్పి తిప్పి చూసి, "అన్నా, దీనికి బూస్టర్ డబ్బా గూడ గావాలె. లేకుంటె పెడల్ గట్టిగైతది, కాలుకు మస్తు జోరు గావాలె" అన్నాడు. వింటేగా! అంతంత టర్బైన్లు విప్పేవాడికి వీడా చెప్పొచ్చేది అనుకుని, డబ్బా తర్వాత చూద్దాం, బిగించమన్నాను. నేనే నడిపి చూశాను కూడా. కాస్త గట్టిగానే ఉంది గానీ, పాతికేళ్ల కాలికి అదొక లెక్కా?

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, టెంకాయ కొట్టి, నాయినకు తాళం చేతులు ఇచ్చి పక్కన కూర్చున్నాను. రైల్వే గేటు దగ్గర ఆయన ఎడమకాలు కూడా తెచ్చి కుడికాలి మీద వేసి బ్రేకు తొక్కేసరికి, క్లచ్చు నొక్కే కాలు లేక ఇంజను గుక్కపట్టి ఆగిపోయింది. క్లచ్చు మరిచిపోయావని నవ్వాను, నా మొహం మండ! ఆయన చెమట తుడుచుకుని, "కొత్తవి గదరా, మస్తుగ పడుతున్నయి" అన్నాడు.

పది రోజులు తిరక్కుండానే, కండ్లు మసకేస్తున్నాయంటూ తాళం చేతులు నా చేతిలో పెట్టేశాడు. వయసు మీదపడింది పాపం అనుకుని డ్రైవరును పెట్టాను. నాయిన మళ్లీ స్టీరింగు ముట్టలేదు.

ఆయన పోయిన పదోనాడు అమ్మ చెప్పింది: "కండ్లు గాదురా, కాలు. ఎంత తొక్కినా బ్రేకు దిగకపోతుండె, ఎవరినన్న గుద్దుతనేమోనని భయపడ్డడు. కొడుకు ఇష్టపడి పెట్టిచ్చిండు, వానికి చెప్పకు అన్నడు."

ఇప్పటి పిల్లలు నయం. మా అబ్బాయి నాకు చెప్పులు కొన్నా, తొడిగించి నాలుగడుగులు నడిపించి, ఎక్కడన్నా కరుస్తున్నాయా అని రెండుసార్లు అడుగుతాడు. మా కాలంలో తండ్రి కోసం ఏదైనా చేసేవాళ్లమే గానీ, తండ్రిని అడగడం మాకు చేతకాలేదు. ఆ బ్రేకుల కోసం ఎన్ని దుకాణాల్లో ఎంతమందిని అడిగానో! వాటిని తొక్కవలసిన మనిషి రోజూ నా పక్కనే కూర్చుని అన్నం తినేవాడు. ఆయన్ని మాత్రం ఒక్క మాట అడగలేదు.