పిల్లకొండ మీద మా బావ

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి అలా నడుం వాల్చానో లేదో, మా మేనకోడలు తన సెల్‌ఫోన్ తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. ఆఫీసు స్నేహితులతో కలిసి కొండలెక్కడానికి వెళ్తుందట. అందులో కొండలన్నీ ఫొటోలతో వరసగా ఉన్నాయి, ప్రతి కొండ కిందా దాని ఎత్తు, ప్రతి గైడు పేరు పక్కనా మార్కులేసినట్టు చుక్కలు. ఏ కొండ బాగుంటుందో చెప్పమని అది అడిగింది. దాని తండ్రి, అంటే మా బావ, నేనూ ఒకప్పుడు ఒక కొండనీ ఒక మనిషినీ ఎంచుకోవడానికి పడిన పాట్లు గుర్తొచ్చి, కళ్లజోడు తుడుచుకునే నెపంతో ముఖం పక్కకు తిప్పుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను అనకాపల్లిలో ఒక కాలేజీ ఆఫీసులో గుమస్తాను, బావకు బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని. మన ఈడు వాళ్లకు తెలిసే ఉంటుంది, వాన వెలిసిన ఉదయాల్లో మేడ మీద నిలబడితే పడమటి కొండలు నీలంగా, చెయ్యి చాస్తే అందేటట్టు కనిపించేవి. మునగపాక చెరుకు తోటల్లో పుట్టి పెరిగిన మా బావ తన జన్మలో ఎక్కిన ఎత్తల్లా చెరుకు బండి మీదేనని అక్క వేళాకోళం చేసేది. అటువంటి మనిషికి, గుండె బలహీనంగా ఉంది, బరువులెత్తొద్దు అని డాక్టరు చెప్పిన ఏడాదే, ఒక్కసారైనా కొండ మీద నిలబడి చూడాలన్న కోరిక పట్టుకుంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ ఎక్కలేనన్న భయం ఆ కోరిక వెనక ఉందని నాకు తెలుసు. అక్కకూ తెలుసు. అందుకే వారం రోజులు పోట్లాడి, చివరికి ఆయన్ని జాగ్రత్తగా చూసుకుంటానని నా చేత మాట తీసుకుని పంపింది.

నిజం చెప్పొద్దూ, నా ఆశ వేరు. కాలేజీలో జాగ్రఫీ చెప్పే మాస్టారి దగ్గర మ్యాపు జిరాక్స్ తీయించుకుని, ఎత్తులన్నీ ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టుకుని, అన్నిటికంటే పెద్దదాని చుట్టూ రెండు సున్నాలు చుట్టుకున్నవాణ్ణి నేను. చిన్న కొండలెక్కడానికి ఇంత దూరం వెళ్లడమెందుకన్నది నా వాదన. బావ ఆ కాగితం చూసి నవ్వేవాడు గానీ కాదనేవాడు కాదు.

బస్సు దిగేసరికి కొండ కింద సంత జరుగుతోంది. అక్కడ మాకు దారి చూపేవాళ్లు ఇద్దరు దొరికారు. ఒకడు బూట్లేసుకున్న కుర్రాడు, ఏ కొండంటే ఆ కొండకు, ఎప్పుడంటే అప్పుడు రెడీ. రెండోవాడు పసుపు అమ్ముకోవడానికి దిగిన కొండ రైతు. ఆయన నా మ్యాపును అటూ ఇటూ తిప్పి చూసి, నీళ్లెక్కడుంటాయో ఇందులో లేదు కదా బాబూ అని వెనక్కిచ్చేశాడు. నాకు ఒళ్లు మండింది. బావ మాత్రం నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, “అన్నిటికీ సరే అనీవోడు మనకెందుకు బావా, కాదని సెప్పగలిగినోడే కావాల” అన్నాడు. అప్పటినుంచి ఆ రైతును మావా అని పిలవడం మొదలెట్టాడు.

ఆ మావకు ఒక పద్ధతి ఉంది. ఎవరినైనా కొండెక్కించే ముందు, వాలులో ఉన్న తన చేను దాకా నడిపించి చూస్తాడు. ముందు నడవడు, వెనకాలే నడుస్తూ, ఊరి సంగతులు అడుగుతూ, మన మాటల కంటే మన ఊపిరి వింటాడు. మాట తెగకుండా చేను చేరినవాళ్లకు పెద్దకొండ, మాట తెగినవాళ్లకు దాని ఎదురుగా ఉన్న పిల్లకొండ. ఆ లెక్క మాకు తెలియదు. బయలుదేరే ముందు, “మీలో ఎవులికైనా ఆయాసం గీయాసం ఉందేటి?” అని ఆయన సూటిగా అడిగితే, అబ్బే, ఎవరికీ లేదని సూటిగానే అబద్ధం చెప్పాను. అక్కకిచ్చిన మాట ఏ గట్టున పెట్టానో!

సగం దూరం రాకుండానే బావ మాట తెగింది. పక్క చేలో పసుపుపచ్చగా విరబూసిన వలిసె పూలు భలేగా ఉన్నాయంటూ గట్టు మీద చతికిలబడ్డాడు. ముఖం పాలిపోయింది, పెదాలు ఆరిపోయాయి, అయినా నవ్వుతూనే ఉన్నాడు. మావ తిట్టలేదు. బావను తన ఇంటికి తీసుకెళ్లి, భార్య చేత అంబలి ఇప్పించి, తేరుకున్నాక నాతో, “ఈ బాబుకి పెద్దకొండ వద్దు. రేపు మెల్లిగా పిల్లకొండకి నానే తీసుకెల్తాను. నువ్వేటి సేత్తావో సెప్పు, పెద్దకొండకైతే మా తమ్ముడున్నాడు” అన్నాడు.

నేను కూడా పిల్లకొండకే వస్తానని అనాలి. ఆ ముక్క నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నా ముఖం చదివాడు కాబోలు, బావే అందుకుని, “నాకోసం ఆగిపోకు బావా, ఎల్లిరా. మీద నుంచి సముద్రం కనపడతాదో నేదో వచ్చి సెప్పు” అన్నాడు. సిగ్గు లేకుండా వెళ్లాను.

తీరా ఎక్కేసరికి పైన ఏముంది, మబ్బు. నా చెయ్యి నాకే కనిపించనంత తెల్లటి మబ్బు. గంటసేపు చలికి వణికి దిగొచ్చాను. అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్న బావ ఆత్రంగా అడిగేసరికి ఉన్నమాట చెప్పడానికి మనసొప్పక, సముద్రం కనిపించిందనీ, మన ఊరి వైపు పంచదార మిల్లు పొగగొట్టం కూడా పోల్చుకున్నాననీ కోతలు కోశాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఊరొచ్చాక మార్కెట్లో, చర్చిలో, కనిపించిన ప్రతివాడికీ “మా బావ పెద్దకొండెక్కి సముద్రం సూసేడు” అని నా గురించి చెప్పుకుని మురిసిపోయేవాడు. తన పిల్లకొండ ఊసే ఎత్తేవాడు కాదు.

మూడేళ్లు తిరక్కుండానే బావ మమ్మల్ని వదిలి వెళ్లిపోయాడు. ఆ కబురు చెప్పాలని ఒక్కణ్ణే బస్సెక్కి మావ దగ్గరకు వెళ్లాను. ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. తర్వాత బావతో పిల్లకొండ ఎక్కిన సంగతి చెప్పాడు. “ఆ రోజు ఎక్కి, సుట్టూ ఎంత బాగుందో సూడు బాబూ అంటే సూడనేదు. పెద్దకొండకేసే తిరిగి కూకున్నాడు. దాని తలంతా మబ్బట్టేసింది. అయినా తువ్వాలు తీసి ఒకటే ఊపడం. ఆల్లు నీకు అవుపడరు బాబూ అన్నాను. నాకు అవుపడకపోతే ఏటి మావా, మా బావకి నేను అవుపడతానేమో అన్నాడు.”

అంటే ఆ మబ్బు బావ కళ్లారా చూశాడు. పైన నాకేమీ కనిపించి ఉండదని తెలిసి కూడా నా సముద్రాన్ని నమ్మినట్టు విని, ఊరంతా చాటి, నన్ను గొప్పవాణ్ణి చేసి వెళ్లాడు. ఆ పూట మావ ఇంటి అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇప్పుడు పిల్లకొండ మీదకు జీపు రోడ్డు పడిందట. పైన రెయిలింగు కట్టారట, టీ కొట్టు కూడా వెలిసిందట. మావ లేడు, వెనక నడిచి ఊపిరి వినేవాళ్లూ లేరు, వినాల్సిన అవసరమూ లేదు, గుండె జబ్బు మనిషైనా పది నిమిషాల్లో పైన దిగొచ్చు. నా కాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి, ఒకసారి వెళ్లి రమ్మని అక్క కూడా అంటుంది. కానీ పక్కన కూర్చోవలసిన రోజున కూర్చోలేదు. ఇప్పుడు వెళ్లి ఎవరి పక్కన కూర్చోను?