చూసిపోదామని వచ్చినవాళ్లు

మా అత్తకు పక్షవాతం వచ్చిన మొదటి నెలలో మా ఇంటికి చేరిన బ్రెడ్డు ప్యాకెట్లతో ఒక బేకరీ తెరవొచ్చు. ఆర్మూర్‌లో రోగిని చూడడానికి ఎవరూ ఉత్త చేతులతో రారు. బ్రెడ్డో బత్తాయిలో పట్టుకునే వస్తారు. మా అత్తకు మింగడం కష్టం. పలుచటి జావ కూడా చెంచాతో చుక్క చుక్క పోయాలి, లేకపోతే పొలమారి ఊపిరాడదు. ఆ సంగతి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేదాన్ని. అయ్యో పాపం అని తలూపి, బ్రెడ్డు తీసి ఆమె దిండు పక్కనే పెట్టేవాళ్లు. అదంతా నేనే తిన్నాను. ఇప్పటికీ ఆ వాసనంటే నాకు పడదు.

చూసిపోదామని వచ్చినవాళ్లు ముందు అత్త ముఖం మీదికి వంగి "నన్ను గుర్తువట్టినవా?" అని వీధి చివరికి వినపడేలా అరుస్తారు. ఆమెకు పోయింది కుడి చెయ్యి, కుడి కాలు, సగం మాట. చెవులు శుభ్రంగా ఉన్నాయి. తర్వాత కుర్చీ జరుపుకొని, తమకు తెలిసినవాళ్లలో ఎవరెవరు ఇట్లాగే పడిపోయారో, పడినవాళ్లు ఎన్నాళ్లున్నారో ఆమె వింటుండగానే చెప్పుకుంటారు. ఈలోగా నేను అత్త కింది బట్ట మార్చడం మధ్యలో వదిలేసి చేతులు కడుక్కొని చాయ పెట్టాలి. ఒకాయన రెండో కప్పు కూడా అడిగాడు. చక్కెర తక్కువైందన్నాడు.

ఇక లేచేటప్పుడు చూడాలి వాళ్ల ప్రేమ. గడప దగ్గర ఒక కాలు చెప్పులో పెట్టి, రెండో కాలు పెట్టబోతూ అప్పుడంటారు, "ఏమన్న పనివడితె ఫోన్ చెయ్ బిడ్డా, మొహమాటపడకు. నీకు మస్తు పుణ్యమొస్తది" అని. రెండేళ్లలో ఎంతమంది వచ్చారో లెక్క లేదు గాని, చెప్పులు వేసుకోకముందు ఆ మాట అన్న మనిషిని నేను చూడలేదు. ఇంట్లో కూర్చుని ఉండగా అంటే, సరే ఇప్పుడే ఈ పని పట్టు అంటానేమోనని భయం కాబోలు.

అట్లా రెండేళ్లు ఎత్తి దించి, ఎత్తి దించి, నాకు బొడ్డు దగ్గర హెర్నియా వచ్చింది. నిజామాబాద్ డాక్టరు పొట్ట నొక్కి చూసి, ఆపరేషన్ చేయాల్సిందేనన్నాడు. "తర్వాత నెలరోజులు బరువు ఎత్తద్దు. ఇట్లనే ఎత్తుకుంట పోతె పేగు ఇరుక్కుంటది, పాణం మీదికి వస్తదమ్మా. ఇంట్ల ఎవరున్నరు?" అని అడిగాడు. అందరూ ఉన్నారు అన్నాను. ఆ మాట అన్నాక నాకే నవ్వు వచ్చింది.

మా ఆయన చెడ్డవాడు కాదు. పొద్దున పోయేముందు, సాయంత్రం వచ్చాక తల్లిని ఆయనే ఎత్తుతాడు. కానీ అది పసుపు కాలం. ఉడకబెట్టి ఎండబోసిన కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము ట్రాక్టరుకు తగిలించుకొని కమ్మర్‌పల్లి దిక్కు ఊళ్లన్నీ తిరుగుతాడు. ఇంటికి వచ్చేసరికి కనురెప్పల దాకా పసుపే. పిల్లలు హాస్టళ్లలో ఉన్నారు. పొద్దంతా రెండు గంటలకొకసారి ఆమెను పక్కకు తిప్పడానికి ఒక మనిషి కావాలి. నాకు కావలసింది అంతే, ఒక నెల, ఒక మనిషి.

ఫోన్ చెయ్ అన్నారు కదా, చేశాను. రెండు వీధుల అవతలుండే మా ఆయన పెద్దమ్మ కూతురు, "నాకు గా వాసన వడదు వదినె, కడుపుల తిప్పుతది" అన్నది. నాకేదో ఆ వాసన అత్తరులా ఉంటుందన్నట్టు! రెండో కప్పు చాయ అడిగిన పెద్దమనిషి ఆడోళ్ల పని గదా బిడ్డా అని నీళ్లు నమిలాడు. ఇంకొకామె మాట మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను. "ఆపరేషనా? అయినంక చెప్పు, దవాఖానకు వచ్చి చూసిపోతం" అన్నది. నాకూ బ్రెడ్డు తెస్తుందన్నమాట.

ఆ రోజుల్లోనే మా కాలనీ మహిళా సంఘం వాళ్లు నలుగురు వచ్చి, ఫంక్షన్ హాల్లో మీటింగు ఉందని, ముసలివాళ్లను చూసుకునే కోడళ్లకు సన్మానం చేస్తున్నామని చెప్పారు. నాకు శాలువా కప్పుతారట. పొద్దున పదకొండుకు వస్తే మూడింటికల్లా అయిపోతుందట. "మరి అప్పటిదాక మా అత్త దగ్గర మీలో ఎవరు కూసుంటరు?" అని అడిగాను. "మేమందరం స్టేజీ మీదుండాలె గదా" అన్నది అధ్యక్షురాలు. శాలువా తర్వాత ఎవరి చేతనో పంపించారు. దాన్ని మడిచి అత్త మడమల కింద పెట్టాను. బాగా పనికొచ్చింది.

చివరికి మా ఆడబిడ్డ భీమ్‌గల్ నుంచి బస్సు దిగింది. కన్నకూతురు. సోమవారం ఆపరేషన్ అయితే, పని నేర్చుకుంటానని శుక్రవారమే వచ్చింది. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. అత్త నడుము కింద బొట్టుబిళ్లంత పుండు పడింది. దాన్ని ఉప్పునీళ్లతో ఎట్లా కడగాలో, ఏ మందు ఎంత రాయాలో చూపించాను. "మా అమ్మను చూసుకునుడు నాకు నేర్పుతవా?" అని ఆమె మూతి తిప్పింది. ఊరుకున్నాను. అవసరం నాది.

శనివారం పొద్దున నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే కింద అత్త గావుకేక పెట్టింది. దిగి వచ్చి చూద్దును గదా, పుండు నిండా పసుపు. తమ చేనులో పండిన పసుపు, గిర్నీ పట్టించి సంచిలో తెచ్చుకున్నది, పిడికెడు తీసి పుండులోకి కూరి పైన బట్ట అదిమింది. "ఇంత పసుపు పండించుకుంట గీ ట్యూబులెందుకు వదినె? రెండు దినాలల్ల మానుతది సూడు" అన్నది. మా దగ్గర అందరికీ ఇదే వెర్రి. కాలు బెణికినా పసుపే, కడుపు నొచ్చినా పసుపే. పసుపు మంచిదే, కూరలో. పుండులో అది గడ్డకట్టి బట్టకు అంటుకుపోయింది. ఉప్పునీళ్లు పోస్తూ గంటసేపు మెల్లగా ఊడదీశాను. అత్త తన మంచి చేత్తో నా మోచెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ మంట నా ఒంట్లోనే పుట్టినట్టయింది.

కన్నకూతురు గుమ్మంలో నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "మా అమ్మ బాధ నేను కండ్లతోని చూడలేను" అన్నది. చూడలేదు కాబట్టి, రెండు గంటల భీమ్‌గల్ బస్సుకు వెళ్లిపోయింది. చెప్పులు వేసుకుంటూ, "ఏమన్న పనివడితె ఫోన్ చెయ్" అన్నది.

ఆదివారం పొద్దున ఆరింటికి, ఆపరేషన్ వాయిదా వేయమని దవాఖానకు ఫోన్ చేద్దామనుకుంటుండగా వెనక గల్లీలో జాకెట్లు కుట్టే ఆమె వచ్చింది. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అత్త కేక ఆమెకు వినపడి ఉంటుంది. చేతిలో బ్రెడ్డు లేదు. గుర్తుపట్టావా అని అరవలేదు. అత్త చెయ్యి పట్టుకుని, "అవ్వా, జర ఇటు తిప్పుత" అని చెప్పి, కిందున్న దుప్పటి అంచు మడిచి పట్టుకుని ఒక్క ఊపులో పక్కకు తిప్పేసింది. అత్త మూలగనైనా లేదు. తర్వాత అప్పటికి నా వైపు తిరిగి, "మైలబట్టలు ఏడ నానవెడ్తవక్కా?" అని అడిగింది. రెండేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది.

"రేపు నువ్వు పో. నేను పొద్దుగాల వచ్చి మీ ఆయన వచ్చెదాక ఉంట. మిషన్ గీడ్నే పెట్టుకుని కుట్టుకుంట" అన్నది. ఆమె తండ్రి నాలుగేళ్లు మంచంలో ఉండి పోయాడు. అందుకే ఆ చేతికి అంత పనితనం.

సంతోషం పట్టలేక నా నోరు ఊరుకోలేదు. బ్రెడ్డు సంగతి, శాలువా సంగతి, పసుపు సంగతి అంతా చెప్పాను. ఒక కాలు చెప్పులో పెట్టి వాళ్లనే మాటను నిలబడి నటించి మరీ చూపించాను. ఆమె బట్టలు పిండుతూ విన్నది. నవ్వలేదు.

"నువ్వు గూడ గట్లనే అన్నవక్కా" అన్నది. "మా నాయనను చూడొచ్చినప్పుడు. బ్రెడ్డు తెచ్చినవు. ఫోన్ చెయ్ అంటె, నేను చేసిన గూడ."

చేసింది. అప్పటికింకా మా అత్త నడుస్తూనే ఉంది. పన్ను నొప్పి ఆగడం లేదు, పీకించుకొని వస్తాను, నాయన దగ్గర ఒక్క రెండు గంటలు కూర్చుంటావా అని అడిగింది. ఇంట్లో చుట్టాలున్నారని చెప్పాను. చుట్టాలెవరూ లేరు. ఆ ఇంట్లో వాసన గుర్తొచ్చింది, అంతే. ఇంతమందిని వరుసబెట్టి తిట్టుకున్న నేను, ఇన్నాళ్లూ ఆ ఒక్క ఫోన్ మరిచిపోయాను.

"పన్ను ఏమైంది?" అన్నాను.

తడిచేతి వేలితో పెదవి పక్కకు లాగి చూపించింది. లోపల దవడ ఒక పక్క బోసి. "చీము పట్టింది. ఒక్కటి పోయేది మూడు పోయినయ్" అన్నది మామూలుగా, ధర చెప్పినట్టు. మళ్లీ బట్టలు పిండసాగింది.

సోమవారం నాకు ఆపరేషన్ అయింది. నెలరోజులూ ఆమె చెప్పినట్టే వచ్చింది. ఆఖరి రోజు సాయంత్రం మిషన్ ముందే ఇంటికి పంపించి, చెప్పుల కోసం గడప దాటుతుంటే నేను వెనకే నిలబడ్డాను. నీకు మస్తు పుణ్యమొస్తది, ఏమన్నా పనిపడితే చెప్పు అనే మాట నా నోటి దాకా వచ్చింది. పళ్లు బిగించి ఆపుకున్నాను. నా పళ్లన్నీ ఉన్నాయి.